సవరణ: బొర్రా గుహలకు ఎక్కడ దిగాలి?

అరకు ప్రయాణం గురించి మొన్న రాసినదాంట్లో ఒక తప్పు దొర్లింది. బొర్రా గుహలకు వెళ్లేవాళ్లు అరకు స్టేషన్‌లో దిగాలని రాశాను. అది సరికాదు, క్షమించండి. విశాఖ నుంచి పొద్దున్నే బయలుదేరే కిరండూల్ ప్యాసింజర్‌కు అరకు కంటే ముందే బొర్రా గుహలు అనే స్టేషన్ వస్తుంది. అక్కడే దిగాలి. పొరపాటున అరకు దాకా వెళ్తే మళ్లీ ఘాట్ రోడ్డులో సుమారు 35 కిలోమీటర్లు వెనక్కి రావాలి. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే చాలా కష్టం.

ఆర్టీసీ బస్సు గురించి రాసింది మాత్రం సరైనదే. విశాఖ ద్వారకా బస్ స్టేషన్ నుంచి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు వెళ్తుంది. అయితే గుహలు ఆ దారి మీద ఉండవు, పక్కకు తిరిగి లోపలికి వెళ్లాలి. అందుకే గుహలే ముఖ్యమనుకునేవాళ్లకు రైలే మేలంటాను.