హెచ్ ఇండెక్స్ సరే, ఇంతకీ ఆ సారు ఏం కనిపెట్టారు?

శాస్త్రవేత్తల పేపర్లను మిగతావాళ్లు ఎంతగా ప్రస్తావించారో లెక్కగట్టి తీసే స్టాన్‌ఫర్డ్ జాబితా అని ఏటా ఒకటి వస్తుంది. 'ప్రపంచ అగ్రశ్రేణి 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్' అని పేపర్లో ఫొటో పడుతుంది. ఇక నల్లగొండ నుంచి పాలమూరు దాకా వాట్సాప్ గ్రూపుల నిండా పూలగుత్తులే. మంచిదే, మనోళ్లకు పేరొస్తే సంతోషమే. కానీ ఆ సారు ఏం కనిపెట్టారండీ అని అడిగి చూడండి, ఒక్కరూ నోరు మెదపరు.

ఈ మధ్య మా దగ్గర సెమినార్‌కు ఒక సెల్ బయాలజీ సైంటిస్టు వచ్చారు. పరిచయం చేసినాయన పరిశోధన పేపర్లు ఇన్ని, సైటేషన్లు (వేరేవాళ్లు తమ పేపర్లలో వాటిని ప్రస్తావించడం) ఇన్ని, హెచ్ ఇండెక్స్ ఇంత అని పద్దు చదివినట్టు చదివేసి మైకు ఇచ్చేశారు. ఆయన ఇన్నేళ్లూ కణంలో ఏ మూల దేని కోసం వెతికారో ఒక్క ముక్క చెప్పలేదు. ముందు వరుసలో పిల్లలు ఆ అంకెలను నోట్‌బుక్కులో రాసుకుంటున్నారు, పరీక్షలో వస్తాయనుకున్నారేమో!

హెచ్ ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ఆయన తెచ్చారు. అది 40 అంటే, కనీసం 40 సైటేషన్లు వచ్చిన పేపర్లు 40 ఉన్నాయని. అంతే. మెచ్చుకుని ప్రస్తావించారా, తప్పని చెప్పడానికి ప్రస్తావించారా, దోస్తు కదా అని ప్రస్తావించారా, దానికి తెలియదు.

డిగ్రీ ల్యాబులో మన పిల్లలు ఫోలిన్ రియేజెంట్ అనే రసాయనం పోసి, నీలిరంగు వచ్చిందా లేదా అని టెస్ట్‌ట్యూబును కిటికీ వెలుతురుకు పట్టి చూస్తారే, ఆ లౌరీ పద్ధతి పేపర్ 1951లో వచ్చింది. ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి. 2014లో నేచర్ పత్రిక లెక్క తీస్తే సైటేషన్లలో అదే మొదటిది, 3 లక్షలు దాటాయి. డీఎన్‌ఏ మెలికల నిచ్చెన గుట్టు విప్పిన పేపర్‌కు మొదటి వందలో కూడా చోటు లేదు! అందరికీ రోజూ పనికొచ్చేది ఒకటి, ఆలోచననే మార్చేసేది ఇంకొకటి. రెండింటినీ ఒకే తక్కెడలో వేస్తే ఎట్లా?

జపాన్ సైంటిస్టు ఒసుమి సంగతి చూడండి. ఈస్ట్ కణాలను ఆకలికి మాడ్చి మైక్రోస్కోపులో చూశారు. లోపల చేరే ముక్కలు అరిగిపోకుండా, వాటిని అరిగించే ఎంజైములు లేని రకాన్ని ముందే ఎంచుకున్నారు. కొన్ని గంటల్లోనే వాక్యూల్ (కణంలో సంచిలాంటి భాగం) నిండా చిన్న చిన్న తిత్తులు కదులుతూ కనిపించాయి. కణం తన సరుకును తానే తిని బతకడం, అంటే ఆటోఫేజీ. దానికి కావలసిన జీన్లను వెతికి పట్టుకున్న 1993 పేపర్ వచ్చింది పెద్ద పేరున్న నేచర్ పత్రికలో కాదు, సెల్ పత్రికలో కాదు, ఎఫ్‌ఈబీఎస్ లెటర్స్ అనే జర్నల్‌లో. అప్పట్లో ఆ విషయాన్ని పట్టించుకున్నవాళ్లే తక్కువ. 2016లో నోబెల్ వచ్చింది. ఆ 1993లో ఆయన మన ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చుని ఉంటే 'జర్నల్ స్థాయి సరిపోదు' అని పంపేసేవాళ్లు.

మన ఊళ్ల సంగతికే వద్దాం. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిన మనుషులను చూస్తూ పెరిగినవాళ్లం. ఇక్కడి యూనివర్సిటీలో ఒక అమ్మాయి ఎముక కణాలను ఫ్లోరైడ్ ఏం చేస్తుందో పని చేసిందనుకోండి, ఆ పేపర్‌ను ప్రస్తావించేవాళ్లు ప్రపంచంలో ఎంతమంది? క్యాన్సర్ మీద చేస్తే రంగమే పెద్దది కాబట్టి సైటేషన్లు వాటంతటవే వస్తాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని కెన్యా, టాంజానియాల్లో కూడా 'నల్లగొండ టెక్నిక్' అనే అంటారు. దానితో నీళ్లు తాగిన తల్లులు ఎవరి హెచ్ ఇండెక్స్‌లోనూ చేరరు.

తమాషా ఏమిటంటే, ఈ పిచ్చి ఆపండని గట్టిగా మొత్తుకున్నవాళ్లలో సెల్ బయాలజీ వాళ్లూ ఉన్నారు. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అమెరికా సెల్ బయాలజీ సంఘం సమావేశాలప్పుడే 'డోరా' ప్రకటన పుట్టింది. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఒక జర్నల్ పేపర్లకు సగటున ఎన్ని సైటేషన్లు వస్తాయో చెప్పే అంకె) చూసి మనిషికి విలువ కట్టొద్దు, పని చూడండి అని. ఇక్కడేమో స్కోపస్ అనే జర్నళ్ల జాబితాలో ఉన్న పత్రికకు వెళ్లే పేపర్లో ఆథర్ సీటు అమ్ముతామని నా ఫోన్‌కే మెసేజ్‌లు వస్తున్నాయి. మొదటి పేరుకు ఒక రేటు, మూడో పేరుకు ఒక రేటు! 2023లో ప్రపంచవ్యాప్తంగా 10 వేలకు పైగా పేపర్లు అచ్చయ్యాక వెనక్కి తీసుకున్నారంటే ఊరికేనా?

బోర్డుల్లో కూర్చునే పెద్దలకు ఒక మనవి. ఫారంలో హెచ్ ఇండెక్స్ గడి ఉంచుకోండి, కాదనను. పక్కన నాలుగు గీతలు ఖాళీ వదిలి 'మీరు కనుక్కున్నదేమిటో మీ మాటల్లో రాయండి' అని అడగండి. అది చదివి అర్థం చేసుకోవడానికి బోర్డులో ఒక్కరికైనా ఆ సబ్జెక్టు తెలిసుండాలి కదా. అసలు చిక్కంతా అక్కడే ఉందని నా అనుమానం.