మొదటి ఉద్యోగంలోనే మనసు ఆరిపోతుంటే

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది. ఒక మధ్యాహ్నం కొత్తగా చేరిన అబ్బాయి నాకు మెసేజ్ పెట్టాడు. ఏదో ఎర్రర్ వస్తోందట, పొద్దుట్నుంచీ తిప్పలు పడుతున్నాడట, ఓ పది నిమిషాలు చూస్తారా అని. అంతకు ఏడాది ముందు అదే ఎర్రర్‌తో నేనూ ఒక రోజంతా కుస్తీ పట్టాను. జవాబు నాకు తెలుసు. అయినా "డాక్యుమెంట్‌లో ఉంది, చూసుకో" అని ఒక్క ముక్క కొట్టి విండో మూసేశాను. జాలి కలగలేదు, విసుగూ రాలేదు. అసలేమీ అనిపించలేదు. అతను "థాంక్యూ" అని పెట్టిన సంగతి రెండు రోజుల తర్వాత చూశాను.

పక్క టీమ్‌లో ఉండే సీనియర్ అక్క ఆ వారంలోనే అడిగింది. "ఏమ్మా, ఇదివరకు ఎవరేమడిగినా కుర్చీ లాక్కుని కూర్చుని మరీ చెప్పేదానివి. ఈ మధ్య ఏమైంది నీకు?" "ఏం లేదక్కా, కొంచెం అలిసిపోయాను" అన్నాను. అబద్ధం చెప్పలేదు. కానీ అసలు సంగతి మాత్రం అలసట దగ్గర లేదు.

అలిసిపోతే నిద్రపోయి తేరుకుంటాం. రెండు రోజులు సెలవిచ్చినా సోమవారం పొద్దున లాప్‌టాప్ మూత తెరవడానికి చేయి రాకపోతే అప్పుడు ఆగి ఆలోచించాలి. పని వల్ల ఇలా మనసు ఆరిపోవడాన్నే బర్నవుట్ అంటారు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనే పరిశోధకులు దాన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో మూడు విషయాలు చూశారు: లోపల ఉన్న సత్తువంతా పిండేసినట్టు ఉండటం, ఎదుటి మనుషుల పట్ల అంటీముట్టనట్టు అయిపోవడం, ఎంత చేసినా ఏమీ సాధించినట్టు అనిపించకపోవడం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బులను వర్గీకరించే తన ఐసీడీ-11 జాబితాలో బర్నవుట్‌ను ఇంచుమించు ఇలాగే వివరించింది. దాన్ని జబ్బుల కింద వేయలేదు. పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడి ఉండి, దాన్ని సరిగా సంబాళించలేకపోతే వచ్చే పరిస్థితి అంది. పనిచేసే చోట అన్న ఆ మాట నాకు చాలా ముఖ్యం.

ఆ మూడింటిలో రెండోదాన్ని కనిపెట్టి ఉండాలని నా అభిప్రాయం. అలసట అందరికీ ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. మూడోది వచ్చేసరికి మనం మన మీదే తీర్పు ఇచ్చేసుకుని ఉంటాం. నిన్నటిదాకా ఇష్టంగా చేసిన పని ఎలా పోతే నాకేం అనిపించడం, ఇష్టమైన మనుషుల మెసేజ్ చూసినా గుండె బరువెక్కడం, ఇవి మధ్యలో వస్తాయి. అప్పటికింకా చేతులు దాటిపోలేదు.

అయితే మొదటి ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఇది పట్టుకోవడం కష్టం. పదేళ్లు పనిచేసిన మనిషికి "నేనిలా ఉండేదాన్ని కాదే" అని పోల్చుకోవడానికి పాత రోజులుంటాయి. ఇరవై మూడేళ్ల వయసులో ఏముంటాయి? ఉద్యోగమంటే ఇంతే కాబోలు అనుకుంటాం. లేదా, నాకే చేతకావట్లేదు అనుకుంటాం. నేను రెండోది అనుకున్నాను. నా కోడ్‌లో తప్పు దొరికిన ప్రతిసారీ, నన్ను పొరపాటున తీసుకున్నారని ఇప్పుడు బయటపడుతుందని వణికిపోయేదాన్ని. రాత్రి పదకొండింటికి మళ్లీ లాగిన్ అయి, పంపేసిన మెయిల్‌నే తిరిగి చదివేదాన్ని.

బర్నవుట్ అన్న మాటను వైద్య రంగంలోకి తెచ్చిన హెర్బర్ట్ ఫ్రూడెన్‌బర్గర్ న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేసిన సైకాలజిస్టు. తనూ దాని బారిన పడ్డాడు. 1974లో రాసిన వ్యాసంలో ఆయన రెండు సంగతులు చెప్పాడు. పని మీద ప్రాణం పెట్టేవాళ్లకే ఈ ముప్పు ఎక్కువని ఒకటి. సాధారణంగా చేరిన ఏడాదికి ఇది బయటపడుతుందని రెండోది. చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. నా రెండో ఏడాది నా ఒక్కదానిదే కాదని అప్పుడు తెలిసింది.

మన ఇళ్లలో ఈ సంగతి ఎత్తితే వచ్చే మొదటి మాట, "మేమూ కష్టపడ్డాం కదమ్మా, అలవాటైపోతుందిలే". ప్రేమతోనే అంటారు. కష్టపడటం తప్పని నేనూ అనను. కానీ అన్నిటికీ అలవాటు పడటం మంచిది కాదు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి చెప్పాయి. 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోల్చి చెప్పిన లెక్క అది. ఫోన్‌లో పిల్లల గొంతు డీలాగా వినిపిస్తే "జీతం పెరిగిందా" అని అడిగే ముందు "ఆఫీసులో ఎవరితోనైనా మాట్లాడబుద్ధేస్తోందా" అని అడగండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబులో చాలా తెలుస్తుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేయకండి. రక్తహీనత, థైరాయిడ్ కూడా మనిషిని ఇలాగే కుంగదీస్తాయి, మామూలు రక్తపరీక్షలో బయటపడతాయి. పని ఒక్కటే కాకుండా ఏదీ రుచించకపోతే అది డిప్రెషన్ కావచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఎవరికైనా చెప్పాలి, ఆ రోజే సాయం తీసుకోవాలి.

ఇక కోలుకోవడం. నేను మొదట చేసింది పది రోజులు లీవ్ పెట్టడం. హాయిగానే గడిచింది. తిరిగొచ్చిన రెండో వారానికి మళ్లీ అదే కుర్చీ, అదే బరువు. 1997లో అచ్చయిన అధ్యయనంలో మినా వెస్ట్‌మన్, డోవ్ ఈడెన్ అనే పరిశోధకులు ఆఫీసు ఉద్యోగులను సెలవుకు ముందు, సెలవులో, తర్వాత గమనించారు. సెలవులో తగ్గిన బర్నవుట్ మూడు వారాలు తిరిగేసరికి మళ్లీ మొదటికొచ్చింది. సెలవు తీసుకోవద్దని కాదు. తిరిగొచ్చేసరికి అక్కడ ఏదో ఒకటి మారి ఉండాలి.

ఏది మార్చాలన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నావళి చేసిన మాస్లాక్, ఆమె తోటి పరిశోధకుడు మైకేల్ లైటర్ ఆరు చోట్ల వెతకమంటారు: పని బరువు, పని మీద మన అదుపు, దక్కే గుర్తింపు, తోటి మనుషులు, న్యాయంగా చూడటం, మన విలువలు. పని బరువే నా సమస్య అనుకున్నాను. కాగితం మీద రాసుకుంటే అదుపు అని తేలింది. నలుగురు నాకు పని చెప్పేవారు, నలుగురికీ తమదే అర్జెంటు, ఏది ముందో నిర్ణయించే హక్కు నాకు లేదు. చేతిలో ఉన్న పదకొండు పనులూ ఒక పేజీలో రాసి మేనేజర్ ముందు పెట్టాను. "ఈ వారం ఇందులో మూడే అవుతాయి. ఏ మూడో మీరు చెప్పండి" అన్నాను. గొంతు వణికింది. ఆయన చాలాసేపు ఆ పేజీ చూసి, "ఇన్ని నీ దగ్గరున్నాయని నాకు తెలియదు" అన్నారు. నాలుగు పనులు వేరేవాళ్లకు వెళ్లాయి. అందరు మేనేజర్లూ అలా ఉండరు. పేజీ చూపించినా కదలని చోట ఉంటే వేరే ఉద్యోగం వెతుక్కోవడం ఓటమి కాదు.

రాత్రి లాగిన్ కావడం మానడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. ఫోన్‌లోంచి ఆఫీసు మెయిల్ తీసేశాక కూడా వేలు అటే పోయేది. నిద్ర ముందొచ్చింది, ఆకలి తర్వాత, పని మీద ఇష్టం అన్నిటికంటే ఆఖర్న వచ్చింది.

అది వచ్చాక ఆ అబ్బాయి దగ్గరికి వెళ్లి, ఆ రోజు సరిగా జవాబివ్వలేదని చెప్పాను. అతను మొహమాటంగా నవ్వి, "నేనే తెలివితక్కువ ప్రశ్న అడిగానేమో అనుకున్నానండీ" అన్నాడు. ఆ తర్వాత టీమ్‌లో ఎవర్నీ ఏమీ అడగలేదట. ఏడు నెలలు.