సవరణ: ఖర్చుల సర్వేలో అడిగేవి ‘నెల రోజుల లెక్కలే’ కావు

ఇళ్లలో దేనికెంత ఖర్చవుతోందో తెలుసుకోవడానికి కేంద్ర గణాంక శాఖ చేసే గృహ వినియోగ వ్యయ సర్వేపై కిందటి టపాలో ఉన్న "అన్ని ఖర్చులూ గత 30 రోజులవే అడుగుతారు" అన్న వాక్యాన్ని ఇలా మార్చి చదవండి: బియ్యం, పప్పులకు 30 రోజులు, చేపలు, కూరగాయలు, నూనె, గుడ్లకు 7 రోజులు, బట్టలు, చెప్పులు, చదువు, ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చుకు 365 రోజులు.

శ్రీకాకుళం జిల్లాకు ఈ తేడా చాలా ముఖ్యం. కళింగపట్నం వైపు ఊళ్లలో చేపల గంప గుమ్మం ముందుకే వస్తుంది. ఆ చిల్లర ఖర్చు నెల తర్వాత ఎవరికి గుర్తుంటుంది? వారానిదైతే ఇల్లాలు వేళ్ల మీద లెక్క చెబుతుంది. సంక్రాంతి బట్టలు మాత్రం ఏడాది లెక్కలోనే దొరుకుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం కదా, ఆ వారాల్లో అడిగితే ఎలా అని ఒకరు అడిగారు. సర్వే ఏడాది పొడవునా సాగుతుంది కనుక సగటు దెబ్బతినదు.

2022-23 సర్వేలో ప్రశ్నావళిని మూడుగా విడగొట్టి, ఒకే ఇంటికి మూడు నెలల్లో మూడుసార్లు వెళ్లారు. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా మేలైన మార్పు. ఇలా పద్ధతి మారింది కనుకే 2011-12 సర్వేతో పోల్చి, పెరిగిందంతా నిజమైన ఖర్చే అనుకోకూడదు.

ఇంకొకటి: 2022-23లో దేశంలో గ్రామీణ తలసరి నెల ఖర్చుగా ఆ టపాలో రాసిన 3,773 రూపాయల్లో ఉచిత రేషను వంటివాటి విలువ లేదు. కలిపితే 3,860.