టెస్టులన్నీ గ్రీన్ వస్తే సాఫ్ట్‌వేర్ బాగున్నట్టేనా?

నెల్లూరు, కావలి, ఒంగోలు ఇంజినీరింగ్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "మాన్యువల్ టెస్టింగ్ పనైపోయింది. ఆటోమేషన్ స్క్రిప్టులన్నీ గ్రీన్ వస్తే సాఫ్ట్‌వేర్‌లో లోపం లేనట్టే. చేత్తో టెస్ట్ చేయడమంటే బటన్లు నొక్కడమే, దానికి బుర్ర అక్కర్లేదు. ఫంక్షన్లు పనిచేస్తే చాలు, మిగతావన్నీ పెద్ద కంపెనీల హంగులు. సెలీనియం ఒక్కటి నేర్చుకోండి, ఉద్యోగం ఖాయం." ఇదీ అందులో ఉన్నది. (సెలీనియం అంటే మనిషి బదులు బ్రౌజర్‌ని నడిపే టెస్టింగ్ పనిముట్టు.) దీన్ని నమ్మి ఇంట్లో అప్పు చేయించి మరీ కోర్సుల్లో చేరుతున్నారు, అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నా. టెస్టింగే నా ఉద్యోగం. స్క్రిప్టులు నేనూ రోజూ రాస్తాను, ఆటోమేషన్ మీద నాకు ఏ కోపమూ లేదు.

ముందు గ్రీన్ సంగతి, అంటే టెస్టు పాసైందని చూపే గుర్తు. స్క్రిప్టు అంటే టెస్టుని మెషీనే చేసేలా మనం రాసిపెట్టే చిన్న ప్రోగ్రాం. అది చూసేది మనం రాసిన జవాబు, వచ్చిన జవాబు ఒకటేనా కాదా అన్నంతవరకే. మనం రాసిందే తప్పయితే? ధాన్యం కొనుగోళ్ల యాప్ ఒకటి నా దగ్గరికి టెస్టింగ్‌కి వచ్చింది. అందులో పుట్టి అంటే 1000 కిలోలు అని పెట్టారు. 8,500 కిలోలు ఎంటర్ చేస్తే 8.5 పుట్లు రావాలని స్క్రిప్టులో ఉంది, 8.5 వచ్చింది, గ్రీన్. దాన్ని తీసుకెళ్లి బుచ్చి దగ్గర ఒక రైతు చేతికిస్తే, ఆయన స్క్రీన్ చూసిన వెంటనే "ఏందయ్యా ఇది, పుట్టంటే ఎనిమిదొందల యాభై గదా, నాకు పది పుట్లు రావాల, ఎనిమిదిన్నరే చూపిస్తా ఉండాదే" అన్నాడు. మన నెల్లూరులో వ్యాపారులూ రైతులూ లెక్క కట్టేది 850 కిలోల పుట్టితోనే. ధర పుట్టికింత అని మాట్లాడుకుంటారు కాబట్టి ఆ లెక్కన ఆయనకు ఒకటిన్నర పుట్టి డబ్బులు పోయినట్టే. ఆ స్క్రిప్టు ఏడాది పొడుగునా రోజూ నడిపినా గ్రీనే వస్తుంది.

కొలతల గొడవ నెల్లూరుకే పరిమితం కాదు. 1999లో నాసా వాళ్లు అంగారకుడి దగ్గరికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది కూడా ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్లలో లెక్కిస్తే ఇంకోటి న్యూటన్లనుకోవడం వల్లే.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే 2024 జులై 19 గుర్తు తెచ్చుకోండి. సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ ఒకటి వచ్చి, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ అప్‌డేట్ వాళ్ల ఆటోమేటిక్ తనిఖీ దాటే బయటికొచ్చింది. 21 విలువలు రావాల్సిన చోట ప్రోగ్రాం 20 మాత్రమే ఇస్తోంది. అంతకుముందు చేసిన టెస్టుల్లో ఆ 21వ దానికి 'ఏదున్నా ఫర్వాలేదు' అని పెట్టడంతో తేడా బయటపడలేదు. అక్కడా అన్నీ గ్రీనే. "టెస్టింగ్ లోపాలున్నాయని చూపించగలదు కానీ, లేవని చూపించలేదు" అని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా చెప్పి అర్ధ శతాబ్దం దాటింది.

ఇక "బటన్లు నొక్కడమే, బుర్ర అక్కర్లేదు" అన్న మాట. నాకు నిజంగా బాధ కలిగించింది ఇదే. ఎక్స్‌ప్లోరేటరీ టెస్టింగ్ అని ఒకటుంది, టెస్టింగ్ నిపుణుడు సెమ్ కానర్ 1980ల్లోనే దానికి ఆ పేరు పెట్టాడు. ఒక గంట కేటాయించుకుని ఒక్క ప్రశ్న పట్టుకుంటాం, "నెట్ పోతూ వస్తూ ఉంటే డబ్బులు రెండుసార్లు కట్ అవుతాయా" అని. పే నొక్కి వెంటనే ఏరోప్లేన్ మోడ్ వేస్తాం, బ్యాక్‌కి వెళ్లి మళ్లీ నొక్కుతాం, మధ్యలో ఇంకో ఫోన్ నుంచి కాల్ చేస్తాం, ఆర్డర్ నంబర్ మారిందా అని చూస్తాం. మారితే ఇక అనుకున్న దారి వదిలేసి దాని వెంట పడతాం. తర్వాత ఏం చేయాలో ఇప్పుడు చూసిందాన్ని బట్టే తెలుస్తుంది, ముందే రాసిపెట్టుకోలేం. బుర్ర లేకుండా ఇది చేసేవాళ్లెవరో నాకు చూపించండి.

2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' ఐఫోన్లను కుప్పకూల్చింది, గుర్తుందా? మధ్యలో కంటికి కనపడని ఒక యూనికోడ్ సంకేతంతో ఆ అక్షరం మెసేజ్‌లో వస్తే యాప్ మూతపడేది. ఐఓఎస్ 11.2.6 వచ్చాక గానీ సర్దుకోలేదు. ఇంగ్లిష్ అక్షరాలతో ఎన్ని వేల చెక్‌లు నడిపినా ఇది దొరకదు.

"ఫంక్షన్లు పనిచేస్తే చాలు" అంటారా. రిజల్ట్స్ పేజీ ఒక్కడు తెరిస్తే బాగానే పనిచేస్తుంది, ఇంటర్ ఫలితాలు వచ్చిన గంటలో అందరూ తెరిస్తేనే తెలుస్తుంది దాని బండారం, అది లోడ్ టెస్టింగ్. చూపు లేనివాళ్లు, తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని వాడితే ప్రతి చోటా "బటన్, బటన్" అని మాత్రమే వినిపించే యాప్‌లో ఫంక్షన్లన్నీ పనిచేస్తూనే ఉంటాయి, వాళ్లు మాత్రం టికెట్ కొనలేరు. రొయ్యల ధరల యాప్‌లో పెద్ద కౌంట్‌ని (కిలోకి ఎన్ని రొయ్యలో ఆ సంఖ్యే కౌంట్) పైన పెట్టి 'బెస్ట్' అని రాసినా అంతే. 100 కౌంట్ కంటే 30 కౌంట్ రొయ్యే పెద్దది, ధరా దానికే ఎక్కువ అని చెరువు చేసినవాళ్లకి వేరే చెప్పాలా?

మెషీన్‌తో చేసేవాటిలో కూడా గ్రీన్, రెడ్ చెక్‌లు కానివి బోలెడు. 1988లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో బార్టన్ మిల్లర్ ఉరుముల వానలో ఫోన్ లైన్ మీద పనిచేస్తుంటే, లైన్‌లో వచ్చిన చెత్త అక్షరాలకే ప్రోగ్రాంలు కుప్పకూలాయి. ఆయన దాన్నే పద్ధతిగా మార్చి, అర్థం పర్థం లేని ఇన్‌పుట్ కావాలనే తోలితే యూనిక్స్ పనిముట్లలో పావు వంతుకు పైగా పడిపోయాయి. ఫజింగ్ పుట్టింది అలాగే. సెక్యూరిటీ లోపాలు పట్టడానికి ఇవాళ్టికీ అదే వాడుతున్నారు.

చివరిది, సెలీనియం. 2004లో మొదలైన ఆ పనిముట్టు బ్రౌజర్‌ని నడుపుతుంది, మంచిదే, నేర్చుకోండి. కానీ ఏ పేజీ తెరవాలో, ఏం చూడాలో, ఏది తప్పో మీరే దానికి చెప్పాలి. ఫీజు కట్టేముందు ఆ కోర్సు వాళ్లని, టెస్ట్ కేసులు ఏవీ చేతికివ్వకుండా ఒక కొత్త యాప్ ఇచ్చి మాతో గంటసేపు లోపాలు వెతికిస్తారా, మేం రాసిన బగ్ రిపోర్టు కూర్చుని దిద్దుతారా అని అడగండి. లేదంటే డబ్బులు ఇంట్లోనే ఉంచండి.