కహోకియాను పోల్చాల్సింది పిరమిడ్లతో కాదు

ప్రపంచ చరిత్ర మొత్తాన్ని ఒక్క చూపులో చూపించే చార్టుల్లో ఈజిప్టు, మెసపటోమియా, సింధు లోయ, చైనా వరుసలు కిక్కిరిసి ఉంటాయి. ఉత్తర అమెరికా వరుస మాత్రం కొలంబస్ వచ్చేదాకా దాదాపు ఖాళీ. ఆ ఖాళీ తప్పని చెప్పదలచినవాళ్లు ఎక్కువగా కహోకియా పేరెత్తుతారు.

సెయింట్ లూయిస్ దగ్గర మిసిసిపీ నదికి తూర్పున, 1050 ప్రాంతంలో, అంటే రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు ఏలుతున్న రోజుల్లో, ఉన్నట్టుండి ఎదిగిన పట్నం అది. బాగా బతికిన కాలంలో 10 వేల నుంచి 20 వేల మంది ఉండేవారని అంచనా. నడుమ ఉన్న మాంక్స్ మౌండ్ అనే మట్టిదిబ్బ ఎత్తు సుమారు 30 మీటర్లు, అడుగు విస్తీర్ణం 14 ఎకరాల పైమాటే. బండి లేదు, ఎద్దు లేదు, ఇనుప పనిముట్టు లేదు. రాతి పారలతో తవ్విన మట్టిని గంపల్లో మోసుకొచ్చి పోశారు. ఇలాంటి దిబ్బల్ని నిలువుగా కోసి చూస్తే ఒక్కో గంప మట్టి ఒక్కో రంగు ముద్దగా ఇప్పటికీ విడిగా కనిపిస్తుంది.

ఇంత చెప్పాక వెంటనే వచ్చే పొగడ్త ఒకటుంది: గిజా పిరమిడ్ కన్నా అడుగు వెడల్పు, అప్పటి లండన్ కన్నా పెద్ద ఊరు. ఇది నాకు రుచించదు. ప్రశ్నపత్రం పాతదే, ఈసారి మార్కులు కాస్త ఎక్కువ వేశారంతే. ఆ ప్రశ్నపత్రంలో ఒకటైన రాతి, కంచు, ఇనుప యుగాల వరుస డెన్మార్క్‌లో క్రిస్టియన్ థామ్సెన్ తన మ్యూజియంలోని వస్తువుల్ని సర్దుకోవడానికి వాడి, 1836లో అచ్చువేసిన పద్ధతి. అక్కడికి అది బాగానే పనికొచ్చింది. ఉత్తర అమెరికాలో కుదరదు. అమెరికా, కెనడా సరిహద్దులోని గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల ప్రాంతం వాళ్లు వేల ఏళ్ల కిందటే రాగిని సుత్తులతో సాగగొట్టి ఈటె మొనలు, కత్తులు చేసుకున్నారు. తర్వాతి తరాలు పనిముట్లకు చాలావరకు రాయినే వాడి, రాగిని నగలకు ఉంచుకున్నాయి. దీన్ని ముందడుగు అనాలా, వెనకడుగు అనాలా?

వ్యవసాయం, మిగులు ధాన్యం, ఆ తర్వాతే పెద్ద కట్టడాలు అనే వరుసా అంతే. లూయిజియానాలోని వాట్సన్ బ్రేక్‌లో క్రీ.పూ. 3500 ప్రాంతంలో, గిజా పిరమిడ్లకు ఎన్నో వందల ఏళ్ల ముందు, 11 దిబ్బల్ని గుండ్రంగా పోసినవాళ్లు చేపలు, జింకలు, కాయలు తిని బతికినవాళ్లు. అదే రాష్ట్రంలోని పావర్టీ పాయింట్ వాళ్లూ సేద్యం చేయలేదు. అక్కడి పెద్ద దిబ్బను తవ్విన శాస్త్రవేత్తలకు మట్టి పొరల మధ్య వాన కోసిన జాడ గానీ, గడ్డి మొలిచిన జాడ గానీ దొరకలేదు. అంత వానలు పడే చోట ఇలా ఉందంటే, కొన్ని నెలల్లోనే పని ముగించారన్నమాట. అన్ని చేతుల్ని ఒకచోటికి ఎవరు పిలిచారు, ఎలా కూడు పెట్టారు అన్నది పిరమిడ్ పక్కన పెట్టి కొలిచే ఎత్తు కన్నా ఎంతో ఆసక్తికరమైన ప్రశ్న.

కహోకియాకు సరైన జోడీ ఆఫ్రికాలో ఉంది. గ్రేట్ జింబాబ్వే రాతి గోడలు కూడా సుమారుగా ఆ శతాబ్దాలవే. పోలిక అక్కడితో ఆగదు. 19వ శతాబ్దపు అమెరికాలో చదువుకున్నవాళ్లు సైతం ఈ దిబ్బల్ని కట్టింది ఇండియన్లు (అమెరికా మూలవాసులు) కాదని, అంతరించిపోయిన వేరే జాతి అని వాదించారు. 1540ల్లోనే స్పెయిన్ దండయాత్రికుడు డి సోటో వెంట వచ్చిన స్పానిష్‌వాళ్లు దిబ్బలున్న ఊళ్లలో మనుషులు కాపురాలు చేస్తుండగా చూసి రాసిపెట్టారు. అయినా ఆ కథ ఎందుకు నిలబడిందో 1830 చెబుతుంది. ఇండియన్లను మిసిసిపీ అవతలికి తరిమే చట్టం ఆ ఏడాది మేలో వచ్చింది. డిసెంబరులో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్, ఒకప్పటి బలమైన జాతి పోయి ఇప్పటి అనాగరిక తెగలకు చోటిచ్చిందనీ, అందుకు ఆ కట్టడాలే గుర్తులనీ కాంగ్రెస్‌కు చెప్పాడు. వాళ్లూ ఒకరి నేల ఆక్రమించినవాళ్లే అయితే, మనం ఆక్రమిస్తే తప్పేముందన్నది అందులోని లెక్క. 1894లో స్మిత్సోనియన్ అనే అమెరికా పరిశోధన సంస్థ తరఫున సైరస్ థామస్ ఆ కథ అబద్ధమని తేల్చేనాటికి భూములు ఎప్పుడో చేతులు మారాయి.

జింబాబ్వేలోనూ ఇదే తంతు. మధ్యధరా తీరపు ప్రాచీన వర్తకులైన ఫినీషియన్లు కట్టారన్నారు, బైబిల్‌లోని షేబా రాణి అన్నారు. కట్టింది ఆఫ్రికన్లేనని 1929లో గెర్‌ట్రూడ్ కేటన్ థాంప్సన్ తవ్వి నిరూపించినా, రొడీషియా (నేటి జింబాబ్వే) శ్వేత ప్రభుత్వం 1970ల దాకా ఆ మాట గట్టిగా వినపడనివ్వలేదు.

కహోకియా 1350 నాటికి ఖాళీ అయింది. చెట్లన్నీ నరికేసి వరదలు తెచ్చుకున్నారన్న కథ పర్యావరణ ఉపన్యాసాలకు బాగా అక్కరకొస్తుంది గానీ, 2021లో వెలువడిన తవ్వకం ఫలితాల్లో అలాంటి వరద మట్టి కనిపించలేదు. జనం చెదిరి వేరేచోట్ల ఊళ్లు కట్టుకున్నారు. ఆ సంప్రదాయానికి వారసులమని చెప్పుకునేవాళ్లలో ఓసేజ్ తెగ ఒకటి.

రెండు కథలూ విడిపోయేది ఇక్కడే. 1980లో స్వాతంత్ర్యం వచ్చాక ఆఫ్రికాలో ఆ గోడల పేరే దేశం పేరైంది, అక్కడి రాతి పక్షి జెండా మీదికెక్కింది. సెయింట్ లూయిస్‌లో మాత్రం బిగ్ మౌండ్ అనే దిబ్బను 1869 నాటికి తవ్వేసి, ఆ మట్టిని రైలు కట్టకు పోశారు. ఆ నగరంలో చివరికి మిగిలింది షుగర్‌లోఫ్ మౌండ్ ఒక్కటే, దాని మీదా ఇళ్లు లేచాయి. 2009లో ఓసేజ్ తెగ అందులో కొంత భాగాన్ని డబ్బు పెట్టి కొనుక్కుంది.