గడువు ఎవరికి?

విశాఖలో గట్టి వాన ఒకటి పడితే చాలు, నగరం మురుగును మోసుకొచ్చే వాగులు, అదే మన గెడ్డలు, బీచ్ మీదికి వచ్చేస్తాయి. ఇసుక మీద నల్లటి చారలు, ముక్కు పగిలే కంపు, ఫోన్లలో వీడియోలు, అధికారుల పరుగులు. రెండు రోజుల్లో పొక్లెయిన్‌తో ఇసుక సర్దేసి చేతులు దులుపుకుంటారు. ఈసారైనా అంతకు మించి ఏదో జరుగుతుందన్న ఆశ మాకు లేదు. పైకి కనబడిన మురుగు గురించే ఈ హడావుడంతా. సముద్రం అడుక్కి దిగిన మురుగు సంగతి అడిగే నాథుడే లేడు.

అసలు నష్టం జరిగేది అక్కడే. మురుగులోని సేంద్రియ పదార్థం మెల్లగా కిందికి దిగి బురదలో పేరుకుంటుంది. దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా అక్కడున్న ఆక్సిజన్‌ను లాగేస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, బురద నల్లబడుతుంది. ఆల్చిప్పలు, పీతలు, బురదలో బొరియలు చేసుకుని బతికే ఎన్నో జీవాలు ఒక్కొక్కటే మాయమవుతాయి. చివరికి మిగిలేది కాపిటెల్లా అనే ఎర్రటి పురుగు. దారప్పోగంత సన్నగా ఉంటుంది. పోటీ లేదు, తిండికి కొదవ లేదు కాబట్టి వేల సంఖ్యలో పుట్టుకొస్తుంది. తలలు లెక్కబెడితే సముద్రం కళకళలాడుతున్నట్టే ఉంటుంది. జాతులు లెక్కబెడితే తెలుస్తుంది అసలు కథ. మన జాలర్లు పట్టే గులివింద చేపకు గడ్డం కింద రెండు మీసాలుంటాయి. వాటితో బురదను తడిమి, దొరికిన పురుగూ చిన్న రొయ్యా ఏరుకు తింటుంది. ఊపిరాడని బురద మీద అదెలా నిలుస్తుంది?

ఇదేమీ ఇవాళ బయటపడ్డ రహస్యం కాదు. విశాఖ హార్బర్ అడుగున ఈ కాపిటెల్లా ఎలా పెత్తనం చేస్తోందో ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పి.ఎన్. గణపతి, ఎ.వి. రామన్ 1970లలోనే పరిశోధించి రాశారు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి నమూనాలు తీశారు, పత్రాలు ప్రచురించారు. చదవాల్సినవాళ్లు చదవలేదు, అంతే.

చట్టం మాటకొద్దాం. 1991 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన తీర నియంత్రణ నోటిఫికేషన్ శుద్ధి చేయని మురుగును తీరంలోకి వదలడాన్ని నిషేధించింది. అప్పటికే వదులుతున్నవారు మూడేళ్లలో ఆపేయాలంది. అంటే 1994. ఆగిందా? 2011 జనవరిలో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. మళ్లీ అదే నిషేధం, ఈసారి గడువు రెండేళ్లు. అంటే 2013. ఆగిందా? 2019 నోటిఫికేషన్‌లోనూ నిషేధం భద్రంగా ఉంది. గెడ్డలూ భద్రంగానే పారుతున్నాయి. గడువు దాటినందుకు శిక్ష పడకపోగా మరో గడువు దొరికింది. ఇలా ఒకసారి అలవాటు చేశాక ఏ మున్సిపాలిటీ మాత్రం భయపడుతుంది? ఇవాళ మురుగుకు చెల్లిన ఈ నమూనా రేపు ఫ్యాక్టరీ వ్యర్థాలకూ చెల్లుతుంది.

నగరం పెరిగింది, ఎస్టీపీలకు, అంటే మురుగు శుద్ధి కేంద్రాలకు, కోట్లు కావాలి, కొన్ని కట్టాం, కొన్ని కడుతున్నాం అని అధికారులంటారు. కాదనం. కానీ ఇంటి పన్ను గడువు దాటితే వడ్డీ వేసే కార్పొరేషన్‌కు, తన గడువు మూడు దశాబ్దాల కిందటే దాటిపోయిందని గుర్తు లేదా? గడువు జనానికేనా?

అదే 1991 డిసెంబరులో అమెరికాలోని బోస్టన్ తన హార్బర్‌లోకి మురుగు మడ్డి వదలడం ఆపేసింది. వాళ్లు మనకంటే పుణ్యాత్ములని కాదు, ఒక ఫెడరల్ జడ్జి షెడ్యూలు గీసి ఏళ్ల తరబడి నెత్తిన కూర్చున్నాడు కాబట్టి. శుద్ధి చేసిన నీటిని 2000 నుంచి సొరంగం ద్వారా సుమారు 15 కిలోమీటర్ల అవతల వదులుతున్నారు. అక్కడి హార్బర్ అడుగున జీవం మళ్లీ పుంజుకుంది. కావాలనుకుంటే అవుతుంది.

మనం మాత్రం జెండా చూసి మురిసిపోతాం. 2025లో రుషికొండ బీచ్‌కు బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) తాత్కాలికంగా పోతే ఎంత టెన్షన్! యంత్రాంగమంతా దిగి కొద్ది రోజుల్లో తిరిగి తెచ్చుకుంది. ఆ చురుకుదనం గెడ్డల దగ్గర ఏమైపోతోంది? ఆ జెండాకు స్నానం చేసే నీటిలో బ్యాక్టీరియా ఎంతో చూస్తారు తప్ప అడుగు బురదలో ఏం బతికుందో చూడరు. కాబట్టి మనవాళ్లూ చూడరు.

ప్రతి గెడ్డ మొగ దగ్గరా ఏటా అడుగు బురద నమూనాలు తీసి ఫలితాలు జనం ముందు పెట్టాలి. ఏ గెడ్డకు ఏ అధికారి బాధ్యుడో పేరుతో సహా బోర్డు కట్టాలి. ఈ పనికి వందల కోట్లు అక్కర్లేదు, సిగ్గుంటే చాలు. అదీ చేతకాకపోతే కమిటీలూ సమీక్షలూ కట్టిపెట్టి, గడువులన్నీ ఉత్తుత్తివేనని జాలరిపేటకు వెళ్లి జాలర్ల ముఖం మీదే చెప్పిరండి.