ఆఫ్రికా వేట సఫారీ సామాను: ఆ మెసేజ్ నమ్మి పెట్టె సర్దకండి

ఏటా మే నెల వచ్చేసరికి మా తెలుగు గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. "ఆఫ్రికా వేట సఫారీకి వెళ్తున్నారా? ఈ సామాను ఉంటే చాలు" అని దాని మొదటి వాక్యం. మిలిటరీ చారల (కామఫ్లాజ్) బట్టలు, పల్చటి కాటన్ టీషర్టులు, చక్రాల పెద్ద సూట్‌కేసు, కొత్త బూట్లు, డజన్ల కొద్దీ ప్లాస్టిక్ కవర్లు, సొంత లైసెన్స్ తుపాకీ, దోమలకు ఓడోమాస్. చివర్లో "ఆఫ్రికా అంతటా పనికొచ్చే లిస్టు, తెలిసినవాళ్లందరికీ పంపండి" అని ఉంటుంది.

నేను పదకొండేళ్లుగా జోహన్నెస్‌బర్గ్‌లో ఉంటున్నాను. అకౌంటెంట్‌ని. ఇక్కడా నమీబియాలోనూ వేట క్యాంపులు నడిపే మూడు కుటుంబాల లెక్కలు చూస్తాను, కాబట్టి ఏడాదికి కొన్ని వారాలు ఆ క్యాంపుల్లోనే గడుస్తాయి. నేను వేటాడను. వేట ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. చట్టప్రకారం వెళ్లేవాళ్లు, వాళ్ల వెంట అడవి చూడ్డానికి వెళ్లేవాళ్లు మనవాళ్లలో ఉన్నారు, ముఖ్యంగా అమెరికాలో స్థిరపడినవాళ్లలో. నా బాధంతా వాళ్ల గురించే. పోయిన ఏడాది జూన్‌లో డాలస్ నుంచి మా పెద్దమ్మగారి అబ్బాయి, వదిన ఈ లిస్టు ముందు పెట్టుకునే పెట్టెలు సర్దుకొని వచ్చారు. వాళ్లు పడ్డ ఇబ్బంది చూశాక ఊరుకోలేకపోయాను.

ముందుగా ఆ "ఆఫ్రికా అంతటా" అనే మాట సంగతి. ఆఫ్రికాలో 50కి పైగా దేశాలున్నాయి. ప్రతి దేశానికీ చట్టం వేరు, వాతావరణం వేరు. మెసేజ్‌లో "మసాయి మారాలో వేటకు" అని ఒక వాక్యం ఉంది. మసాయి మారా కెన్యాలో ఉంది. కెన్యా 1977లోనే క్రీడా వేటను నిషేధించింది. అక్కడికి కెమెరాతోనే వెళ్లాలి. బోట్స్వానా 2014లో వేట ఆపేసి 2019లో మళ్లీ అనుమతించింది. విదేశీయులు డబ్బు కట్టి వేటాడేది ఎక్కువగా దక్షిణాఫ్రికా, నమీబియా, జింబాబ్వే, జాంబియా, టాంజానియా, మొజాంబిక్‌లలో. వెళ్లేది ఏ దేశానికి, ఏ నెలలో అన్నది తేలకుండా లిస్టు రాయడం కుదరదు.

"మిలిటరీ చారల బట్టలు వేసుకుంటే జంతువులకు కనబడరు" అన్నది రెండో మాట. ఇది నిజంగా ప్రమాదకరం. జింబాబ్వే, జాంబియాల్లో సైన్యంలో లేనివాళ్లు ఆ చారల బట్టలు వేసుకోవడం నేరం. అన్నయ్య వాళ్లు వేటకు ముందు విక్టోరియా జలపాతం చూద్దామని వెళ్లారు. సరిహద్దు దగ్గర ఆయన ప్యాంటు చూసి పక్కకు పిలిచారు. అక్కడే మార్చుకోమన్నారు, ప్యాంటు, టోపీ తీసేసుకున్నారు. గంటన్నర ప్రశ్నలు. వదిన నాకు ఫోన్ చేసి "తమ్ముడూ, మీ అన్నయ్యని లోపల కూర్చోబెట్టారు, నాకు భయంగా ఉంది" అంటూ ఏడ్చింది. మర్యాదగానే మాట్లాడి వదిలేశారు గానీ, ఆ గంటన్నర టెన్షన్ నేను ఇంకా మర్చిపోలేదు.

పోనీ చారలు లేకపోతే వేట సాగదా అంటే, అదీ లేదు. జింక జాతి జంతువులు మనల్ని పసిగట్టేది ముందు వాసనతో, తర్వాత కదలికతో. క్యాంపుల్లో జాడ తీసేవాళ్ల చేతిలో బూడిద నింపిన చిన్న గుడ్డసంచి ఉంటుంది. నాలుగు అడుగులకోసారి దాన్ని దులిపి గాలి ఎటు వీస్తోందో చూస్తారు. వాళ్లు వేసుకునేది మామూలు ముదురు ఆకుపచ్చ చొక్కా, నిక్కరు. మీకూ ఖాకీ, మట్టిరంగు, ఆలివ్ పచ్చ సరిపోతాయి. రంగు కన్నా బట్ట ముఖ్యం. నైలాన్ జాకెట్ ముళ్లపొదకు తగిలితే చప్పుడు చేస్తుంది, మెత్తటి కాటన్ చెయ్యదు. తెల్లవి వద్దు. టాంజానియా, జాంబియా వైపు వెళ్తుంటే నలుపు, ముదురు నీలం కూడా వద్దు. అక్కడి సెట్సీ ఈగలకు ఆ రెండు రంగులంటే ప్రాణం. వాటిని పట్టడానికి అడవిలో కట్టే వలలు కూడా నీలం, నలుపు గుడ్డలతోనే చేస్తారు. కుడితే చాలా నొప్పి, నిద్రజబ్బు వచ్చే అవకాశమూ ఉంది. చర్మానికి పూసుకునే దోమల క్రీములను అవి పెద్దగా లెక్కచెయ్యవు. నమీబియా, దక్షిణాఫ్రికా వేట ప్రాంతాల్లో మాత్రం ఈ ఈగ బాధ దాదాపు ఉండదు.

"ఆఫ్రికా అంటే ఎండలే, పల్చటి బట్టలు చాలు." ఈ ఒక్క వాక్యం వల్ల వణికిపోయినవాళ్లను ఎంతమందిని చూశానో! భూమధ్యరేఖకు దక్షిణాన జూన్, జులై, ఆగస్టు చలికాలం. గడ్డి ఎండిపోయి, చెట్లు ఆకు రాల్చి, జంతువులు నీటి గుంటల దగ్గరికి చేరే కాలం అదే కాబట్టి వేటకు ఎక్కువమంది వచ్చేదీ అప్పుడే. నమీబియా రాజధాని విండ్‌హోక్ సముద్రమట్టానికి 1,600 మీటర్ల పైన ఉంది, జోహన్నెస్‌బర్గ్ 1,700 మీటర్ల పైన. మన లంబసింగి ఎత్తు సుమారు 1,000 మీటర్లు, అక్కడి చలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. కలహారిలో జులై తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా కిందికి పోతుంది, బకెట్‌లో నీళ్ల మీద మంచు పలక కడుతుంది. ఆ వేళలో మనం కూర్చునేది బక్కీ వెనకాల. ఇక్కడ పికప్ ట్రక్కును బక్కీ అంటారు. పైకప్పు ఉండదు, బండి వేగానికి గాలి ముఖం మీద కొరడాలా తగులుతుంది. అదే రోజు మధ్యాహ్నానికి 25 డిగ్రీలు.

కాబట్టి పొరలు పొరలుగా వేసుకొని తీసెయ్యగలిగేవి కావాలి. లోపల ఒక థర్మల్, పైన చొక్కా, దాని మీద ఉన్ని స్వెట్టరో ఫ్లీసో, అన్నిటికీ పైన గాలి ఆపే జాకెట్. చెవులు మూసే మంకీ క్యాప్, చేతి గ్లవ్స్. వదిన మూడు రోజులు క్యాంపువాళ్ల దుప్పటి కప్పుకొని తిరిగింది.

"కనీసం పది జతల బట్టలు, పెద్ద గట్టి సూట్‌కేసు" అని ఇంకొకటి. మూడు జతలు చాలు. చాలా క్యాంపుల్లో ఉదయం ఇచ్చిన బట్టలు సాయంత్రానికి ఉతికి, ఇస్త్రీ చేసి మంచం మీద పెడతారు. ఆ ఇస్త్రీ దర్జా కోసం కాదు. ఆరేసిన తడిబట్టల మీద గుడ్లు పెట్టే పుట్సీ ఈగ ఒకటుంది. ఆ గుడ్లు పిల్లపురుగులై చర్మంలోకి దూరి కురుపులు లేపుతాయి. ఇస్త్రీపెట్టె వేడికి చస్తాయి. అందుకే లోదుస్తులకు కూడా ఇస్త్రీ తప్పనిసరి. కొన్ని క్యాంపుల్లో లోదుస్తులు ఎవరివి వాళ్లే ఉతుక్కోవాలి. అలాంటిచోట బాత్రూంలో పిండి బయట తీగ మీద వెయ్యకండి, గదిలోనే ఆరేసుకోండి.

పెట్టె సంగతికొస్తే, క్యాంపుకు చిన్న విమానంలో వెళ్లాల్సి ఉంటే 15 కిలోల దగ్గర ఆపేసేవాళ్లే ఎక్కువ. అందులోనే చేతిసంచీ కూడా కలుస్తుంది. ఆ విమానాల సామాను అర ఇరుకు, గట్టి సూట్‌కేసు అందులో పట్టదు. మెత్తగా నొక్కితే వంగే గుడ్డ బ్యాగు కావాలి.

బూట్ల గురించి చెప్పేది కొంచెమే. కొత్తవి కొని నేరుగా తేకండి. నెలన్నర ముందే కొని, వేసుకొని రోజూ నడవండి. అడుగు మెత్తగా, చప్పుడు లేకుండా ఉండాలి. తుమ్మజాతి ముళ్లు ఇక్కడ వేలెడంత ఉంటాయి, పల్చటి స్పోర్ట్స్ షూ అడుగులోంచి దూసుకొస్తాయి. ప్యాంటు అంచులు సాక్సులోకి దోపుకుంటే పిడుదులు కూడా ఎక్కవు. వాటి కాటుతో వచ్చే జ్వరం దక్షిణాఫ్రికాలో మామూలే.

"సామాన్లన్నీ ప్లాస్టిక్ కవర్లలో వేరువేరుగా కట్టుకోండి." కెన్యా 2017 ఆగస్టు 28 నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులను నిషేధించింది, అక్కడి చట్టంలో భారీ జరిమానాలు, జైలు శిక్షలు ఉన్నాయి. టాంజానియా 2019 జూన్ 1 నుంచి నిషేధించింది. సబ్బు, పేస్టు పెట్టుకునే జిప్‌లాక్ సంచులను తిరిగి వెంట తీసుకెళ్లే షరతు మీద టాంజానియా అనుమతిస్తుంది. షాపు కవర్లు మాత్రం కుదరవు. గుడ్డ సంచులు తెచ్చుకోండి. మన ఇళ్లలో వాటికి కొదవ లేదు.

ఇక అన్నిటికన్నా పెద్దది తుపాకీ. "మన లైసెన్స్ తుపాకీ తీసుకెళ్తే ఎయిర్‌పోర్టులో పర్మిట్ ఇచ్చేస్తారు, ఎంత పెద్దదైతే అంత మంచిది" అని రాశారు. ఇందులో ఒక్క ముక్క కూడా సరైనది కాదు.

మన దేశంలో ఇచ్చిన లైసెన్స్ ఇక్కడ తుపాకీ పెట్టుకోవడానికి అనుమతి కాదు. భారత్ నుంచి ఆయుధం బయటికి తీసుకెళ్లి మళ్లీ తెచ్చుకోవడానికి అక్కడి అనుమతులు వేరు, దారిలో విమానం మారే దేశం అనుమతి వేరు, విమానసంస్థ అనుమతి వేరు. దక్షిణాఫ్రికాకు తాత్కాలికంగా తేవాలంటే పోలీసుల ఎస్‌ఏపీఎస్ 520 ఫారం నింపాలి, వేటకు పిలిచినవాళ్ల లేఖ ఉండాలి, తుపాకీ మీ సొంతమని రుజువు ఉండాలి. అమెరికా నుంచి వచ్చేవాళ్లయితే బయల్దేరే ముందే అక్కడి కస్టమ్స్ వాళ్ల దగ్గర 4457 ఫారం మీద ముద్ర వేయించుకోవాలి. ఆత్మరక్షణకని పిస్తోలు తెస్తానంటే ఒప్పుకోరు. తూటాలు విడిగా తాళం పెట్టెలో, విమానంలో మనిషికి 5 కిలోలు దాటకుండా ఉండాలి.

ఇంత తలనొప్పి ఎందుకు? చాలా క్యాంపుల్లో అద్దెకు మంచి రైఫిల్ దొరుకుతుంది. మీ ఎత్తు, ఎడమచేతివాటమా అన్నది ముందే రాస్తే తగినది సిద్ధంగా ఉంచుతారు.

పెద్దదైతే మంచిదన్న మాట వల్ల నష్టపోయేది జంతువు. నమీబియా చట్టం తుపాకీని గొట్టం అంచు దగ్గర తూటాకుండే శక్తితో కొలుస్తుంది. స్ప్రింగ్‌బాక్ లాంటి చిన్న జింకలకు కనీసం 1,350 జౌల్స్ (శక్తి కొలత), కుడు లాంటి పెద్ద జింకలకు 2,700, అడవిదున్నకు, ఏనుగుకు 5,400. కుడుకు .30-06 సైజు తూటా పేల్చే రైఫిల్ చాలు. దున్నకు చాలా దేశాల్లో అంతకన్నా పెద్దదైన .375 తప్పదు. అలవాటు లేని మనిషి .375 పేలిస్తే భుజానికి తగిలే దెబ్బకు రెండోసారి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకుంటాడు. గురి తప్పి జంతువు గాయంతో పరుగెడుతుంది. దాని వెంట రోజంతా నడిచి చీకటి పడ్డాక ఖాళీగా తిరిగొచ్చిన బృందాలను చూశాను. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడరు. గాయపడి దొరక్కపోయినా రుసుము పూర్తిగా కట్టాలి, అది ఇక్కడి నియమం. తుపాకీ కొనే డబ్బుతో మూడుకాళ్ల కర్ర స్టాండ్ మీద ఆనించి కాల్చడం సాధన చెయ్యండి.

"కొమ్ములు, చర్మం వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకోవచ్చు." కుదరదు. వాటిని మందులో ముంచి శుద్ధి చెయ్యాలి, పశువైద్యుడి సర్టిఫికెట్ కావాలి, అరుదైన జీవుల రవాణాపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ జాబితాలోని జాతులకు దాని పర్మిట్ కావాలి, చేరే దేశం ఒప్పుకోవాలి. నెలలు పడుతుంది. పెట్టెలో ఖాళీ వదిలి రావాల్సిన పని లేదు.

చిన్న విషయం ఒకటి. "యూకే అడాప్టర్ అన్నిచోట్లా పనిచేస్తుంది" అన్నారు. కెన్యా, టాంజానియా, జాంబియా, జింబాబ్వేల్లో పనిచేస్తుంది. దక్షిణాఫ్రికా, నమీబియాల్లో గోడకుండేది మన ఏసీ, గీజర్ ప్లగ్గు లాంటి లావు గుండ్రటి మూడు పిన్నులది. తిండి సంగతికొస్తే, పచ్చళ్ల కోసం అరకిలో బరువు వృథా చెయ్యనక్కర్లేదు, దక్షిణాఫ్రికా సూపర్ మార్కెట్లలో మామిడి అచార్ సీసాలు ఉంటాయి. శాకాహారులైతే మాత్రం క్యాంపుకు నెల ముందే చెప్పండి. అక్కడ మూడు పూటలా మాంసమే.

ఆఖరుది ఆరోగ్యం. "ఎల్లో ఫీవర్ కార్డు పదేళ్లే చెల్లుతుంది, కొత్తది తీసుకోండి" అన్నది పాత మాట. 2016 జులై నుంచి అది జీవితాంతం చెల్లుతుంది. కానీ తొలిసారి టీకా వేయించుకునేవాళ్లకు వేసిన పది రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. కెన్యా చూసుకొని దక్షిణాఫ్రికాకు వచ్చేవాళ్లకు ఆ కార్డు తప్పనిసరి. కెన్యా నుంచి కార్డు లేకుండా భారత్‌లో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

"మనకు మలేరియా అలవాటే, ఓడోమాస్ చాలు" అన్న మాట రాసినవాళ్లను చేతులు జోడించి అడుగుతున్నాను, దాన్ని తీసెయ్యండి. చిన్నప్పుడు ఏజెన్సీలో పెరిగినా, ఒకప్పుడు మలేరియా వచ్చి తగ్గినా, ఆ రక్షణ ఏళ్ల తరబడి నిలవదు. ఇక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం, ప్రాణం తీసే రకం. పాతకాలపు క్లోరోక్విన్ దానిమీద పనిచెయ్యదు. దక్షిణాఫ్రికాలో ఈస్టర్న్ కేప్, నమీబియాలో దక్షిణ ప్రాంతాల్లో మలేరియా బెడద దాదాపు లేదు, అక్కడికే అయితే మాత్రలు అక్కర్లేదు. దక్షిణాఫ్రికా ఉత్తరాన లింపోపో లోతట్టు, జాంబెజీ నది పరివాహకం, టాంజానియా అయితే వెళ్లేముందే డాక్టర్‌ను కలిసి మాత్రలు రాయించుకోండి. తిరిగొచ్చాక కూడా కొన్ని మాత్రలు ఏడు రోజులు, కొన్ని నాలుగు వారాలు వాడాలి. ఇంటికొచ్చాం కదా అని మధ్యలో మానేసేవాళ్లే ఎక్కువ. వెళ్లొచ్చిన రెండు మూడు నెలల్లో జ్వరం వస్తే, ఫ్లూ అనుకుని పారాసిటమాల్ వేసుకొని పడుకోకండి. ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి, డాక్టర్‌తో మొదటి మాటగా ఆఫ్రికా నుంచి వచ్చామని చెప్పండి.